నీలం అంటిన జల్లెడ

పోయిన బుధవారం మా కోడలు అటక సర్దుతూ ఒక పాత పిండి జల్లెడ కిందికి దించి, దీని అంచుకి ఈ నీలం రంగెలా అంటింది అత్తయ్యా, పారేయమంటావా అని అడిగింది. నేను జల్లెడ ఆమె చేతిలోంచి తీసుకుని నా మంచం కింద పెట్టుకున్నాను. నా ఈడు వాళ్లకి తెలుసు, ఇంట్లో కొన్ని వస్తువులు పనికొచ్చి ఉండవు, పారేయడానికి చెయ్యి రాక ఉంటాయి.

నేను ముప్పై ఒక్క ఏళ్లు అంగన్‌వాడీలో పనిచేశాను. పిల్లల బరువులు గ్రాము తేడా రాకుండా పుస్తకంలో ఎక్కించిన అలవాటు వల్లనేమో, ఏ రోజు ఇంట్లో ఏం జరిగిందో గోడ మీది క్యాలెండరు గడిలో రాసుకోవడం ఇప్పటికీ మానలేదు. పాత క్యాలెండర్లన్నీ చుట్టి దాచాను. 2016 క్యాలెండరు తెరిస్తే జూన్ నెలలో అన్ని గడులూ నిండి ఉంటాయి, పన్నెండో తేదీ ఆదివారం తప్ప.

మాది భావనపాడు. మా వారికి ఒక ఫైబరు పడవ ఉండేది, ఆయనతో కలిపి అయిదుగురు వేటకి వెళ్లేవారు. ఆయన తమ్ముడికి, అంటే మా మరిదికి, చిన్నప్పుడే ఒక కాలు చచ్చుపడిపోవడంతో సముద్రం మీదికి వెళ్లే యోగం లేదు. కానీ ఏటా వేట నిషేధం ఉన్న రెండు నెలలూ ఒడ్డు మీద పడవలన్నీ అతని చేతి కిందికే వచ్చేవి. పాత రంగు గీకి, మంచినీళ్లతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది కొత్త రంగు వేయడం ఎవరైనా చేస్తారు. మనుషులు నిలబడి వల లాగే డెక్కు మాత్రం తడిసినా కాలు జారకుండా ఉండాలి, ఆ పని అతను చేసినట్టు మా తీరంలో ఇంకెవరూ చేసేవారు కారు. పచ్చి రంగు మీద ఇసుక చల్లి, అది ఆరి గట్టిపడ్డాక, ఊడిన గింజలు చీపురుతో ఊడ్చేసి, పైన పలచగా ఒక్క పూత వేసేవాడు. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుందని, ఏటి ఇసుక తెప్పించి నాలుగు నీళ్లతో కడిగి ఆరబెట్టి, చిరిగిన వల ముక్కలో జల్లించేవాడు.

అతని పద్ధతి ఇంకొకటి ఉంది. ఇసుక చల్లే ముందు పడవ మనుషులందరినీ పిలిచి, వల లాగేటప్పుడు ఎవరెక్కడ నిలబడతారో అక్కడే నిలబెట్టి, వాళ్ల పాదాల చుట్టూ సుద్దముక్కతో గీసుకునేవాడు. మా పడవ మీద అయిదుగురివి పది పాదాలు గీసి, ఆ గీతల్లో ముతక ఇసుక దట్టంగా, మిగతా చోట పలచగా చల్లాడు. ఆ రోజు అయిదుగురిలోకీ చిన్నవాడు కాలు పెడుతూ, “ఏటి మావా, కొలతలు తీస్తన్నావు, సెప్పులు కుట్టిస్తావేటి?” అని వేళాకోళమాడితే, “ఈ కాళ్లకి సెప్పులెక్కడ దొరుకుతాయిరా, రెండు తెప్పలు కట్టుకో” అని అతను అనడం, అందరూ నవ్వడం నాకు నిన్నటిలా ఉంది. అది జూన్ పదకొండు, శనివారం.

నాకు మాత్రం ఆ డెక్కు చూస్తే ఒళ్లు మండింది. ఒక చోట బొడిపెలు, ఒక చోట నున్నన, దేనికీ ఒక వరస లేదు. పద్నాలుగో తేదీ సాయంత్రం పడవ పూజకి మా వియ్యాలవారు వస్తున్నారు, వాళ్ల కళ్లబడేది ముందుగా పడవ ముందు కొస, అంటే మా వారు నిలబడే చోటు, అక్కడే గరుకు అన్నిటికన్నా ఎక్కువ. ఆ మాటే అంటే మరిది నవ్వి, “ఇది నువ్వు ముగ్గెట్టీ వాకిలి కాదు వొదినా, మనుసులు నిలబడీ సోటు” అన్నాడు. అతనికది హాస్యం. నలుగురి ముందు అన్నందుకు నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు అతను భార్య తరఫు వాళ్ల శుభకార్యానికి గజపతినగరం వెళ్లాడు, మంగళవారం వచ్చి పై పూత వేస్తానని చెప్పి. ఆదివారం ఉదయం ఏడున్నరకి, మా వారు వల బాగుచేసుకోవడానికి వెళ్లాక, నేను గరుకు రాయి పట్టుకుని పడవెక్కాను. మా వారి పాదాల చోట ఉన్న ఇసుకంతా రెండు గంటలు కూర్చుని రుద్దేశాను. డబ్బాలో మిగిలిన నీలం రంగు మందంగా పూసి, కడిగి ఉంచిన ఇసుకనే మా ఇంటి పిండి జల్లెడలో పోసి, ఒక్క గింజ అటూ ఇటూ కాకుండా సమానంగా జల్లించి, దాని మీద మళ్లీ రంగు పూశాను. పిండిలాంటి ఆ ఇసుక రంగులో మునిగిపోయిందని నాకు తట్టలేదు. చూడముచ్చటగా ఉందనుకున్నాను. ఎండ ముదరడంతో మిగతా నలుగురి చోట్లలో పై పూత ఒక్కటే వేసి దిగిపోయాను.

మంగళవారం మధ్యాహ్నం మరిది బస్సు దిగి వచ్చేసరికి పడవ నిండా బంతిపూలు, పసుపు, వేపమండలు. పై పూత నేనే వేసేశానన్నాను. “పలసగా ఏసినావు కదా?” అని అడిగాడు. ఆఁ అన్నాను. ఆ ఒక్క అక్షరమే నేను ఆడిన అబద్ధం.

బుధవారం తెల్లవారుజామున పడవ అలలు దాటుతూ ఉండగానే మా వారి కాలు జారి, పక్క చెక్కకి తగిలి మోకాటి చిప్ప పగిలింది. తొంభై నాలుగు రోజులు కట్టుతో ఉన్నారు. పడవ వెనక్కి తెచ్చాక ఒడ్డున అందరూ మూగి డెక్కు తడిమి చూశారు. నలుగురి చోట్లూ గరుకుగా ఉన్నాయి, ఒక్క మా వారి చోటే నున్నగా ఉంది. “సూడండర్రా, సొంత అన్న సోటే పళ్లెంలాగ ఒగ్గీసినాడు” అని ఎవరో అన్నారు. అన్నలా వేటకి వెళ్లలేని కుళ్లు కడుపులో పెట్టుకుని చేసిన పని అన్నవాళ్లూ ఉన్నారు. మరిది ఆ చోట అరచెయ్యి ఆనించి ముందుకీ వెనక్కీ తడిమి చూసుకున్నాడు. నేను నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. వియ్యపురాలు నా పక్కనే ఉంది, నేను అనలేదు.

మరుసటి వేసవికి అతన్ని ఒక్క పడవకీ పిలవలేదు. మా వారు కూడా పిలవలేదు, నేను పిలవమని చెప్పలేదు. ఆ ఏడు ఆగస్టులో పెళ్లాం పిల్లలతో సాలూరు వెళ్లి, లారీలకి రంగులు వేసే షెడ్డులో చేరాడు.

2019లో నేనొక్కదాన్నే సాలూరు వెళ్లాను, చెప్పేద్దామనే. అతను ఒక లారీ దగ్గర కూర్చుని, డ్రైవరు ఎక్కే మెట్టు మీద ఇసుక చల్లి రంగు వేస్తున్నాడు. డ్రైవరు చేత కాలు పెట్టించి గీసిన సుద్ద గీత ఇంకా కనబడుతోంది. వేసిన చోటే మూడుసార్లు అరచేత్తో తడిమి చూసుకుంటున్నాడు, పూర్వం అతనికి ఆ అలవాటు లేదు. నన్ను చూసి లేచి, అన్న నడక ఎలా ఉందని అడిగి, టీ తెప్పించాడు. నేను నోరు తెరిచేలోగా తనే అన్నాడు. “ఆ రోజు అన్న సోటు ఆకర్న సేసినాను వొదినా. ముతక ఇసక అయిపోయినట్టుంది, అడుగున ఉన్న సన్నం ఏసీసినాను. నాను సూసుకోవాల.”

లేని తప్పుని మూడేళ్లు తలుచుకుని తలుచుకుని తనదే చేసుకున్నాడు. అది విన్నాక చెప్పడం ఇంకా తేలికవ్వాలి, నాకు ఇంకా కష్టమైంది. టీ తాగి మూడున్నర బస్సుకి వచ్చేశాను.

ఇప్పుడు వచ్చే పడవలకి అచ్చులోనే గరుకు పోసి పంపిస్తున్నారు. ముందు కొస నుంచి వెనక దాకా ఒకటే గరుకు, నేను కోరుకున్నట్టే సమానంగా. ఎవరి కాలు ఎక్కడ పడుతుందో అడిగేవాళ్లు లేరు, సుద్దముక్క పట్టుకుని ఒరే, నిలబడు అనేవాళ్లు లేరు. మంచిదే అంటాడు మా అబ్బాయి. కావచ్చు.

కోడలు అడిగిన రాత్రి ఆ పాత క్యాలెండరు తీసి, పన్నెండో తేదీ గడిలో జరిగింది రాశాను. గడి చాలక ఈ నాలుగు కాగితాలు రాశాను. పూర్తిచేసి మళ్లీ చదువుకుంటుంటే గుర్తొచ్చింది, మా మరిదికి అక్షరం ముక్క రాదు. ఊళ్లో సగం మంది చేత పలక మీద దిద్దించిన నేను, చదవలేని ఆ ఒక్క మనిషికి చెప్పాల్సిన మాటని కాగితం మీద రాసి కూర్చున్నాను.