గోధుమల గిన్నెలో చివరి పేరు

రెండువేల ఎనిమిదిలో, ఒమన్ దేశంలోని మత్రాలో, చరిత్ర పాఠాలు చెప్పే గ్రీకు మేడమ్ ఇంట్లో పనిమనిషి పెంచలమ్మ గోధుమలు ఉడికిస్తోంది. చనిపోయినవాళ్ల పేర్లు చదివి, తీపి కలిపిన ఆ గోధుమలను పంచడం మేడమ్ వాళ్ల ఆచారం.

"ఇంత చక్కెరేస్తే సచ్చినోళ్లకూ షుగరొస్తాది మేడమ్!"

మేడమ్ నవ్వి, పేర్లు రాస్తూ చెప్పింది. "ప్రపంచయుద్ధంలో జర్మన్లు చంపినవాళ్ల పేర్లు మా ఊళ్లో రాతిమీద చెక్కారు. తర్వాత అంతర్యుద్ధంలో మాలో మేము చంపుకున్నవాళ్లను ఎవరూ తలవరు. ఈ చివరివాణ్ని కాల్చింది మా నాన్నే."

పెంచలమ్మ చేతిలో గరిటె ఆగింది. కన్నతండ్రి చేసిన హత్యను సొంతచేత్తో రాసే ఈ ఆడదానిది ఎంత గుండె! కడప కక్షల్లో మొగుణ్ని చంపారని తను ఇరవై ఏళ్లుగా అందరికీ చెప్పుకుంది. మొగుడి చేతిలో చచ్చినవాడి పేరు మాత్రం ఒక్కనాడూ నోట రానివ్వలేదు.

"ఇంకో పేరు రాయి మేడమ్. ఓబులేసు. మా ఆయన నరికినోడు."