హారతి అందుకున్న గ్లైడర్

ఈ రోజు పొద్దున పరిగి దగ్గర మా చేనులో, నేను థర్మోకోల్‌తో చేసిన గ్లైడర్‌ను పెద్ద హీలియం బెలూన్‌కు దారంతో కట్టాను. మేఘాలు దాటాక చిన్న తీగ వేడెక్కి ఆ దారాన్ని కాల్చాలి. గ్లైడర్ విడిపడి, ఎగురుకుంటూ ఇంటికి రావాలి. ఏడాదిగా ఇదే పని. ఉన్నది ఒక్క బెలూనే.

ఎందుకైనా మంచిదని అవ్వను పిలిచి హారతి ఇమ్మన్నాను. కర్పూరం మంట దారానికి తగిలింది. బెలూన్ పైకి వెళ్లిపోయింది. గ్లైడర్ నా చేతిలోనే ఉండిపోయింది.

"ఏమబ్బా, ఇది పోలేదే?" అంది అవ్వ.

"దారం కాలిపోయిందవ్వా."

"పైన కాలాల్సింది ఈడే కాలింది, అంతే గదా! ఇంటికి బిరీన పోతాది."

పోయింది, నా చంకలో. అవ్వను ఏమీ అనలేను, పిలిచింది నేనే. పెనుకొండ, ధర్మవరం వైపు ఎవరి చేనులోనైనా తెల్ల బెలూన్ పడితే చెప్పండి. గ్లైడర్ మాత్రం క్షేమం.