బోణీ తట్ట

నర్సీపట్నం జీడిపిక్కల షెడ్డులో నేను మేస్త్రీగా ఉన్నన్నాళ్లూ, పిక్క పగిలిన చప్పుడు విని లోపల పప్పు గుండుగా వచ్చిందో ముక్కలైందో చెప్పేసేవాణ్ణి.

అబద్ధం. నా కుడి చెవి పనిచేయడం మానేసి చాలా ఏళ్లయింది. కానీ షెడ్డు మొత్తం నా మాట నమ్మేది.

మా ఓనరు కుర్రాడు మాత్రం కెమెరాను నమ్మేవాడు. విశాఖపట్నంలో కూర్చుని ఫోనులో షెడ్డు చూసేవాడు. "బాబాయి గారూ, మూడో బల్ల మీద ఫ్యాను ఆగింది" అని అక్కడి నుంచి చెప్పేవాడు. ఫ్యాను మా నెత్తి మీదే ఉండేది. ఒళ్లు మండదూ?

ఒకరోజు ఫోను చేసి, "తలుపు పక్క బల్ల ఆవిడ తట్టలో అన్నీ ముక్కలే. రేపటి నుంచి రావద్దనండి" అన్నాడు.

ఆవిడ షెడ్డుకు పాత మనిషి. పిక్క కోయడంలో ఆవిడను మించిన చెయ్యి లేదు. వెళ్లి చేతులు వెనక్కి కట్టుకుని ఆవిడ వెనక నిలబడ్డాను. మూడు రోజులు అలా పొద్దస్తమానం నిలబడి పరిశీలించానని తర్వాత అందరికీ చెప్పుకున్నాను. నిజానికి పావుగంట. అందులో సగం టీ తాగాను.

"ఏటండీ మేస్త్రీ గారూ, నా ఈపు మీద పిక్కలేటైనా ఆరబోసేరా?" అంది తల తిప్పకుండా. "నిలబడితే ఏటి కనపడతాది? కూకోండి."

కూర్చున్నాను. చేతులకు జీడి అంటకుండా నూనె రాసుకుని, కాలితో కోత మిషను మీట తొక్కి ఆవిడ తట్టలోని పిక్కలే కోశాను. ముక్కలు. మళ్లీ ముక్కలు. పక్క బల్లల వాళ్లు నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అయితే ప్రతి పిక్కా నా వేళ్లకు వెచ్చగా తగులుతోంది. లోపలి పప్పు తడితడిగా, మెత్తగా ఉంది. పక్క బల్ల మీది పిక్క పట్టుకుని చూశాను. చల్లగా, ఎండుగా ఉంది.

అప్పుడు తట్టలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూశాను. బాయిలర్‌లో ఉడికిన పిక్కలు ఆరాకే కోయాలి. తెల్లవారుజామున దింపిన ఆఖరి వాయి తలుపు దగ్గర పోస్తారు. పొద్దున్నే మొదటి తట్టలు అందులోంచే నింపుతారు. అవి ఆవిడకే వెళ్తాయి. ఎందుకంటే ఆవిడది మంచి చెయ్యి, బోణీ ఆవిడే చేయాలి. అది మా షెడ్డు ఆచారం.

ఓనరుకు ఫోను చేసి, "కెమెరాకు వేడి తెలుస్తుందా బాబూ? నువ్వే వచ్చి పట్టుకుని చూడు" అని అరిచాను. అరవలేదు. బతిమాలాను.

మధ్యాహ్నానికి వచ్చాడు, తెల్ల బూట్లతో. వచ్చీ రాగానే తట్టను ఫోటో తీయబోయాడు. ఫోను లాక్కుని చేతిలో పిక్కలు పోశాను. ఒకటి కోయించి, లోపలి తడి పప్పును వేలితో నొక్కి చూశాడు.

"ఆరని సరుకు ఈవిడకే ఎందుకు ఇస్తున్నారు?"

"బోణీ తట్టండీ" అంది పక్క బల్ల ఆమె.

"ఆ రూలు ఎవరు పెట్టారు?"

పూర్వం నుంచీ ఉందని చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ నా వైపు చూసింది. అలా చూస్తూనే మీట తొక్కింది.

"నేనే పెట్టాను బాబూ" అన్నాను. "ఆవిడకు మర్యాద చేద్దామని. మొన్నటి దాకా ఆఖరి వాయి సాయంత్రమే దింపేవారు, రాత్రికి ఆరేది. తెల్లవారుజాము వాయి నువ్వే కొత్తగా పెట్టించావు. బోణీ మార్చాలని నాకు తట్టలేదు."

ఓనరు బూట్లకు అంటిన జీడి మరక చూసుకుంటూ, "రేపటి నుంచి ఆరిన కుప్పలోంచే బోణీ. ఆవిడే చేస్తుంది" అన్నాడు. తర్వాత ఆవిడ తట్ట వైపు వంగి, "ఇవాళ ఇన్ని ముక్కలా?" అన్నాడు.

"అందులో సగం మేస్త్రీ గారియ్యండీ బాబూ" అంది ఆవిడ. "బేగి వేరు చేయించండి. నా లెక్కలో కలిపీగలరు."