కుక్కర్ విజిలూ, మా రాజూ

మాది బేతంచెర్ల. నిరుడు మా ఆయన తను పనిచేసే నాపరాతి గని దగ్గర తిరిగే కుక్కను ఇంటికి తెచ్చాడు. పేరు రాజు. మామూలుగా బుద్ధిగానే ఉండేది. కుక్కర్ విజిల్ వచ్చిందంటే మాత్రం గొంతు చించుకుని మొరిగేది, నా చీర కొంగు పట్టుకుని వాకిట్లోకి లాగేది. తిట్టినా కొట్టినా అంతే. రెండు చీరలు చినిగాయి.

పక్కింటి కాశింబీకి నెలల మనవరాలు ఉంది. "బిడ్డ కన్ను మూస్తే చాలు, నీ కుక్క లేపుతాండాది. దాన్ని యాడన్నా ఇడిసిపెట్టి రాక్కా" అని రోజూ పోరు.

విసిగిపోయి ఒక ఉదయం దాన్ని ఆటోలో గనికే తీసుకుపోయాను. మా ఆయనతో గొడవ పడుతుండగా ఎవరో విజిల్ ఊదారు. వెంటనే రాజు మొరుగుతూ నా కొంగు లాగింది. పనివాళ్లంతా పరుగెత్తుతున్నారు.

"నిలబడినావేందే, మందు పేలుస్తాండారు, రా" అని అరిచాడు మా ఆయన.

మేం షెడ్డు చాటుకు చేరామో లేదో, నేల అదిరేలా రాయి పేలింది. విజిల్ వినగానే మనిషిని బయటికి లాగడం అది అక్కడే నేర్చుకుంది. నేను పప్పు ఉడికించిన ప్రతిసారీ పాపం నా ప్రాణం కాపాడుతోందన్నమాట.

వదిలి రాలేకపోయాను. కుక్కర్ అటకెక్కించి, గంటసేపు గిన్నెలో పప్పు ఉడికిస్తూ చెమటలు కక్కుతున్నాను. ఇప్పుడు కాశింబీ ఇంట్లో విజిల్ వస్తే రాజు గోడ దూకి ఆమె కొంగు లాగుతోంది. ఆ తిట్లూ నాకే.