మేట్టుపాళయం రోడ్డున మా మేనత్త రాయి

మా చిన్నతనాన మేట్టుపాళయం రోడ్డు మీద, మిల్లు గేటుకూ మా ఇంటికీ నడుమ ఒక సుమైతాంగి ఉండేది... రెండు నిలువు రాళ్ళు, వాటి మీద అడ్డంగా ఒక పొడుగు పలక. తుడియలూరు వైపు నుంచి కూరగాయల గంపలు మోసుకొచ్చేవాళ్ళు ఎవరి సాయమూ లేకుండా బరువును దాని మీదికి జరిపి, కాసేపు మెడ సవరించుకునేవారు.

అది మా మేనత్త రాయి. నైనకు అక్క... కడుపుతోనే చనిపోయింది. తను దించుకోలేకపోయిన బరువును దారిన పోయేవాళ్ళయినా దించుకోవాలని అవ్వ తన కూతురి పేరున నాటించింది. ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసేది.

రోడ్డు వెడల్పు చేయడానికి గొలుసులు పట్టి కొలుస్తున్న రోజులవి. మేమంతా ఒక పెళ్ళికి వెళ్ళి రెండు రోజులకు తిరిగొచ్చాం. షిఫ్టు ఉందని నైన ఒక్కడే ఇంట్లో ఉండిపోయాడు. బస్సు దిగి చూస్తే... నిలువు రాళ్ళు పక్కకు ఒరిగి ఉన్నాయి. పైపలక లేదు.

"నేను మిల్లులో ఉంటిని. చూడలే" అన్నాడు నైన.

అవ్వ చూపు పక్కింటి రూతమ్మ మీద పడింది. మిల్లులో నూలు చుట్టే రీలింగు పని చేసే ఒంటరి మనిషి. రోడ్డు పనివాళ్ళకు రోజూ మజ్జిగ పోసేది. పైగా ఆ వారమే పెరట్లో బట్టలుతికే రాయి కొత్తది వేయించి, గోనెసంచి కప్పి ఉంచింది...

"కొత్త రాయికి ముసుగెందుకు? అదేదా పాపా. పోయి చూసిరా" అంది అవ్వ.

కంచె కింద దూరి వెళ్ళి గోనె ఎత్తాను. రాయి కాదు... పచ్చి సిమెంటు దిమ్మ. బీటలివ్వకుండా తడిగోనె కప్పింది, అంతే.

"ఏం పాపా, ఏం వెతుకుతుండావు? అడిగుంటే నేనే చూపిస్తును కదా." వెనక రూతమ్మ! నా చెవులు వేడెక్కాయి.

అవ్వ అయినా నమ్మలేదు. "అట్లయితే ఆ రోడ్డు వాండ్ల చేత ఎత్తించింది" అని తేల్చేసింది. రూతమ్మ నవ్వితే ఎందుకు నవ్విందని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని... నేనూ అలా చూడటం నేర్చుకున్నాను. ఆ క్రిస్మస్‌కు ఆమె పంపిన పలహారాల తట్టను అవ్వ మూత కూడా తీయకుండా తిప్పి పంపింది. మోసుకెళ్ళింది నేనే.

తరువాతి వారం మిల్లు గేటు దగ్గర నైనకు అన్నం కేరియర్ ఇస్తుంటే రోడ్డు మేస్త్రి సైకిల్ ఆపాడు.

"అణ్ణే, మీ కల్లు, అదే ఆ రాతి పలక, కల్వర్టుకు సరిగ్గా కూర్చుండె!"

నైన మొహం పాలిపోయింది. మేస్త్రి పోయాక నా చెయ్యి పట్టుకున్నాడు. "రోడ్డు మన ముందరి గది మీదదా పోతుండె పాపా. పలక ఇస్తే కొలత గీత పక్కకు జరుపుతామని వాండ్లు అనిరి... అవ్వకు చెప్పొద్దు."

"మరి అవ్వ రూతక్కను అనుకుంటుండాది కదా, నైనా?"

పనికి పిలుస్తూ మిల్లు సంగు కూసింది. తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే అవ్వకు చెప్పేశాను. ఆమె ఏడవలేదు. నన్ను వెంటబెట్టుకుని కల్వర్టు దాకా నడిచింది. వంగి చూస్తే పలక అంచున పసుపు ఇంకా ఉంది. పైన దూది లారీలు పోతున్నాయి...

"నా బిడ్డ మీద ఎంత బరువెక్కిస్తిరిరా" అంది, ఎవరితోనో.

అటునుంచి అటే రూతమ్మ గుమ్మానికి వెళ్ళింది. "తప్పు నాది, రూతూ."

"ఒక్క మాట నన్ను అడిగుంటే పోయుండునే, పెద్దమ్మా." గుమ్మంలో నిలబడే అంది. లోపలికి రమ్మనలేదు.

తరువాత మాటలు కలిశాయి గానీ, పండగ తట్ట మళ్ళీ రాలేదు. నైన దగ్గర అవ్వ ఆ ఊసే ఎత్తలేదు. ఆయన మాత్రం ఆ కల్వర్టు వచ్చినప్పుడల్లా సైకిల్ దిగి, నడిపించుకుంటూ దాటేవాడు... రిటైరయ్యేదాకా.

ఈమధ్య ఆ దారిన వెళ్ళాను. మిల్లు లేదు, అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇప్పుడక్కడ ఎవరూ ఎవరినీ అనుమానించరు... పక్కింటివాళ్ళ పేరు తెలిస్తే కదా!

మీ చిన్నప్పుడు ఏ పాపమూ ఎరగని మనిషిని మీరూ ఇలా అనుమానించారా? ఆ మనిషి ముందు నిలబడి ఒక మాట చెప్పుకునే వీలు దొరికిందా... మీకు?