స్వీడన్ కుర్రాడి ఒక్కపొద్దు

మా బేస్‌మెంట్‌లో ఒక సీజన్ పాటు ఒక రేసింగ్ డ్రైవర్ ఉండేవాడు. స్వీడన్ వాడు, పదిహేడేళ్ళు. గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో కారు నడపడానికి వాడి దగ్గర లైసెన్సు ఉంది. కెనడాలో, మా మార్కమ్‌లో, వీధి చివర పాల ప్యాకెట్ తేవడానికి మాత్రం లేదు. అందుకని రేసు ఉన్న వారాల్లో ట్రాక్ దాకా నేనే తీసుకెళ్ళేదాన్ని. వారమంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, వారాంతంలో డ్రైవర్‌గారికి డ్రైవర్.

"నువ్వు బ్రేకు చాలా ముందుగా వేస్తావు" అనేవాడు పక్క సీట్లోంచి.

"ముందు స్కూల్ బస్సు ఉంది."

"నేనైతే లోపలి వైపు నుంచి దాటేసేవాణ్ణి."

"నువ్వైతే ఆ బస్సులోనే ఉండేవాడివి. నీకు లైసెన్సు లేదు."

వాడు మా ఇంటికి రావడం వెనక పెద్ద కథేం లేదు. దగ్గర్లో గోదాముల వెనకాల ఒక రేసింగ్ టీమ్ వర్క్‌షాప్ ఉంది. బయటి దేశాల నుంచి వచ్చే కుర్రాళ్ళకు గది కావాలని ఎవరో కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అప్పటికి నాన్న ప్రాజెక్టు పని మీద వాంకూవర్‌లో ఉన్నారు. ఇంట్లో తినేవాళ్ళు తగ్గారు గానీ అమ్మ వండడం తగ్గలేదు. ఆ మిగులు అన్నానికి ఒక మనిషి కావలసి వచ్చాడు.

అమ్మ దాన్ని ఏదో కార్ల కోర్సు అనుకుంది.

"కోర్సు ఎన్నేళ్ళు బాబూ?" అని మొదటి రోజే అడిగింది.

"చెప్పలేం ఆంటీ. బాగా నడిపితే పైకి, లేకపోతే ఇంటికి."

"చివర్లో ప్లేస్‌మెంట్స్ ఉంటాయా?"

"ఉంటాయి ఆంటీ. ఇరవై చిల్లర సీట్లు. ప్రపంచం మొత్తానికి."

అమ్మ నా వైపు తిరిగి తెలుగులో అంది: "పాపం, మెడిసిన్ సీటే నయమే."

వాడి చరిత్ర భోజనాల దగ్గర ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఎనిమిదో ఏట గోకార్టు ఎక్కాడు. వాళ్ళ ఊళ్ళో ఏడాదిలో సగం నేల జారుతూనే ఉంటుంది కాబట్టి నిటారుగా వెళ్ళడం కన్నా ముందు పక్కకు వెళ్ళడం నేర్చుకున్నాడు. కప్పులొచ్చాయి. పదిహేనో ఏట ఒంటి సీటు కార్లలోకి మారాడు. ఒంటి సీటు కారంటే చక్రాలు బయటికి, తల బయటికి, బుద్ధి కూడా కాస్త బయటికే ఉండే బండి. మొదటి ఏడాది ఎవరికీ గుర్తుండని మధ్య వరసల్లో గడిచింది. రెండో ఏడాది ఒక గెలుపు, రెండు గోడలు. మూడో ఏడాది ఇక్కడ. ఈ కార్లకు తరగతులుంటాయి, అంకె నాలుగులో మొదలై మూడు, రెండు, ఒకటి అని దిగుతుంది. అంకె దిగితే మనిషి ఎదిగినట్టు. వాడు నాలుగు దగ్గరున్నాడు.

మూడో తరగతిలో కార్లు నడిపే యూరప్ టీమ్ ఒకటి వాడికి మాటిచ్చింది. ఇక్కడ సీజన్ ముగిసేసరికి మొదటి ముగ్గురిలో ఉంటే వచ్చే ఏడాది సీటు. లేకపోతే లేదు. లేకపోతే ఇక చదువుకోవాలని వాళ్ళ ఇంట్లో ఒప్పందం. "అంటే ఓడిపోతే ఇంజనీరింగ్" అన్నాను. "అవును" అన్నాడు భయంగా. మా వీధిలో సగం మంది ఆ ఓటమి మీదే ఇళ్ళు కొనుక్కున్నారని చెప్పాను. వాడు నవ్వలేదు.

ఇక్కడ తూకం సంగతి చెప్పాలి. కారు, డ్రైవరు కలిపి ఇంత బరువుకు తగ్గకూడదని నియమం. రేసు అయిన వెంటనే రెండింటినీ కలిపి తూస్తారు. తక్కువుంటే ఆ రేసులో పేరు కొట్టేస్తారు. ఎక్కువుంటే ఎవరూ ఏమీ అనరు, కారే నెమ్మదిగా వెళ్ళి ఆ మాట అంటుంది. అందుకని అందరూ గీతకు ఆనుకుని ఉండాలని చూస్తారు. డ్రైవరు బక్కగా ఉంటే కారు అడుగున సీసపు దిమ్మలు బిగిస్తారు.

వచ్చినప్పుడు వాడు కరివేపాకు రెబ్బలా ఉండేవాడు. కారు నిండా దిమ్మలే. తర్వాత కందిపొడీ నెయ్యీ, పెసరట్టూ, ఆదివారం కోడికూరా మొదలయ్యాయి. కందిపొడి కోసం కందిపప్పు స్కార్‌బరోలో ఇండియన్ కొట్టు నుంచి ప్రత్యేకంగా తెప్పించేది అమ్మ. ఒక్కో రేసుకు ఒక్కో దిమ్మ ఊడుతూ వచ్చింది. వాడి కారు చూసుకునే ఇంజనీరు, గడ్డం పెద్దాయన, ఒకసారి నన్ను పక్కకు పిలిచాడు.

"మీ అమ్మగారు వీడికి ఏం పెడుతున్నారు?"

"ప్రేమండీ."

"అందులో వెన్న శాతం ఎంత?"

చివరి రేసు వారానికి ఆయన ఆఖరి దిమ్మ కూడా తీసేశాడు. మామూలుగా కాస్త అదనంగా ఉంచుకుంటారట, ఈసారి అదీ ఉంచలేదు. "వీడు ఎప్పుడూ మన లెక్క కన్నా బరువుగానే వస్తాడు" అన్నాడు. సీజన్ పొడుగునా అదే నిజం కూడా.

పాయింట్ల పట్టికలో వాడు అప్పుడు నాలుగోవాడు. ఆదివారం రేసులో రెండో స్థానం వస్తే మూడోవాడవుతాడు. ఆ మాట విన్నాక అమ్మ గురువారం అన్నం వడ్డిస్తూ ప్రకటించింది, వాడికి అర్థమవ్వాలని ఇంగ్లీషులో.

"సాటర్డే నో ఫుడ్. ఐ యామ్ ఫాస్టింగ్. ఓన్లీ ఫర్ యూ, ఫర్ యువర్ సీట్."

వాడు గరిటె వైపు, అమ్మ వైపు చూశాడు. "రోజంతానా ఆంటీ?"

"హోల్ డే" అంది అమ్మ గంభీరంగా.

మా ఇంట్లో శనివారం ఒక్కపొద్దు ఎలా ఉంటుందో చెప్తాను. పొద్దున పాలు, రెండు అరటిపళ్ళు. మధ్యాహ్నం పప్పూ కూరా పెరుగుతో పూర్తి భోజనం. సాయంత్రం టీ. రాత్రికి అన్నం ముట్టకూడదు కాబట్టి జీడిపప్పు వేసిన ఉప్మా. మామూలు రోజుల్లో అమ్మ రాత్రి మజ్జిగ తాగి పడుకుంటుంది. ఉపవాసం ఉన్న రోజే కాస్త ఎక్కువ తింటుంది. ఇది మాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. స్వీడన్‌లో మాత్రం రోజంతా తినరంటే రోజంతా తినరు.

శనివారం తెల్లవారగానే అమ్మ పెద్ద డబ్బా నిండా పులిహోర కట్టి వాడి చేతిలో పెట్టింది. ట్రాక్ దగ్గర దింపేసి నేను టైర్ల గుడారంలో కూర్చున్నాను. మధ్యాహ్నం టైర్లు మార్చే ఇద్దరు కుర్రాళ్ళు వేళ్ళు నాక్కుంటూ, ఆ పచ్చటి అన్నం బ్రహ్మాండంగా ఉందని నాతో చెప్పారు. వాడు తిన్నాక మిగిలింది పెట్టి ఉంటాడనుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి, కడుపు నిండిందని చెప్పి కిందికి వెళ్ళిపోయాడు. పైన అమ్మ ఉప్మా తింటోంది. రేసు రోజు పొద్దున వాడికి ఎలాగూ ముద్ద దిగదు. అది అందరికీ తెలిసిందే, ఇంజనీరు లెక్కలో ఉన్నదే.

ఆదివారం అమ్మ మొదటిసారి ట్రాక్‌కు వచ్చింది. పట్టుచీర, పైన చలికోటు, చెవుల్లో దూది. కంచె దగ్గర నిలబడి కాసేపు చూసింది.

"అందరూ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తారా?"

"అవునమ్మా."

"మరి ఎందుకే అంత తొందర?"

రేసు బాగా జరిగింది. నాలుగో చోటు నుంచి మొదలెట్టి, మొదటి మలుపులో ఒకణ్ణి, చివరికి రెండు చుట్లున్నాయనగా ఇంకొకణ్ణి దాటాడు. రెండో స్థానం. టైర్ల కుర్రాళ్ళు ఒకరినొకరు ఎత్తుకున్నారు. గడ్డం ఇంజనీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అమ్మ నన్ను కావలించుకుంది, గెలిచింది ఎవరో కనుక్కోకుండానే.

తర్వాత తూకం. కారును నాలుగు పళ్ళేల మీదికి తోశారు, వాడు హెల్మెట్‌తో సహా లోపలే కూర్చున్నాడు. అధికారి అంకె చూశాడు. కారును వెనక్కి లాగి మళ్ళీ తోయించాడు. మళ్ళీ చూశాడు. తేడా ఎంతంటే, సుమారుగా ఒక డబ్బా పులిహోర.

పేరు కొట్టేశారు. అరవడాలు, బతిమాలుకోవడాలు ఏమీ లేవు. అంకె ఇంగ్లీషులో ఉన్నా స్వీడిష్‌లో ఉన్నా ఒకటే.

ఇంజనీరు వాడి ముందు నిలబడ్డాడు. "ఎలా తగ్గావు? నిన్న ఏం తిన్నావు?"

అమ్మ రెండడుగుల దూరంలో ఉంది. వాడు ఒకసారి ఆవిడ వైపు చూశాడు.

"అంతా తిన్నాను" అన్నాడు. "పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. ఆంటీ చాలా పెట్టింది."

టైర్ల కుర్రాళ్ళలో ఒకడు నోరు తెరిచాడు. మావాడు అతని వైపు కూడా చూశాడు. నోరు మూసుకుంది. చేతిలో ఉన్న ఖాళీ డబ్బాను ఆ కుర్రాడు మెల్లగా వెనక్కి దాచుకున్నాడు. డబ్బా స్టీలుది, మూత మీద అమ్మ పేరు చెక్కి ఉంటుంది, కెనడాలో దాచడం కష్టమైన వస్తువు.

తిరిగొచ్చేటప్పుడు వాడు వెనక సీట్లో కూర్చున్నాడు. అమ్మ నా పక్కన. హైవే ఎక్కాం.

"వాడు పులిహోర తిన్నాడంటావా?" అంది అమ్మ తెలుగులో, రోడ్డు వైపు చూస్తూ.

"తిన్నానన్నాడుగా."

"నేను అడిగింది నిన్ను."

నేను బ్రేకు వేశాను, ముందర ఎవరూ లేకపోయినా. వాడు ఈసారి బ్రేకు గురించి ఏమీ అనలేదు. కానీ మా మాటల్లో వాడికి తెలిసిన మాట ఒకటుంది.

"పులిహోర వెరీ గుడ్, ఆంటీ" అన్నాడు వెనక నుంచి.

అమ్మ వెనక్కి తిరగలేదు. చెవుల్లో దూది తీసి పర్సులో పెట్టుకుంది.

యూరప్ సీటు పట్టికలో మూడోవాడికి వెళ్ళింది. అతను మంచివాడే, తూకం కూడా సరిగ్గా ఉంది. మావాడి విమానం ఆ పై శనివారం సాయంత్రం. ఆ పొద్దున నేను కిందికి దిగేసరికి బల్ల మీద మూడు కంచాలున్నాయి. ముద్దపప్పు, కందిపొడి, నెయ్యి గిన్నె. ఇంకా పదకొండు కాలేదు. అమ్మ వాడికి వడ్డించి, తనూ వడ్డించుకుని, వాడి కళ్ళెదురుగా పెద్ద ముద్ద కలిపింది.

"ఆంటీ, ఇవాళ సాటర్డే" అన్నాడు వాడు.

"ఐ నో. ఈట్."

వాడు తిన్నాడు. ఆవిడ తింది. వాడు మళ్ళీ పెట్టించుకున్నాడు. రాత్రికి ఆవిడ ఉప్మా కూడా చేసుకుంది, అది వేరే సంగతి.

ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు తూకానికి పెడితే బరువు ఎక్కువైంది. కౌంటర్లో ఉన్నావిడ ఏదో ఒకటి తీసేయాలంది. నేను అంకె చూసి, "బరువు వారం ఆలస్యంగా వచ్చింది" అన్నాను. సీజన్ మొత్తంలో నా జోకుకు వాడు నవ్వింది అప్పుడే. నేల మీద సూట్‌కేసు తెరిచాం. ఒక పక్క కందిపొడి సీసాలు, సున్నుండల డబ్బా. ఇంకో పక్క రేసింగ్ బూట్లు, హెల్మెట్. వాడు కాసేపు ఆలోచించి బూట్లూ హెల్మెట్టూ తీసి నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు వాడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. రోడ్డు లైసెన్సు కూడా వచ్చింది, రెండోసారికి. మొదటిసారి బ్రేకు ఆలస్యంగా వేస్తున్నాడని ఫెయిల్ చేశారట. బూట్లు మా చెప్పుల స్టాండు కింది అరలో ఉన్నాయి, ఎవరికీ పట్టవు. హెల్మెట్ బేస్‌మెంట్ కిటికీలో ఉంది. అమ్మ వారానికోసారి దాని దుమ్ము తుడుస్తుంది, శనివారం పొద్దున, టిఫిన్ చేశాక.