రెక్క లోపల మూడు చుక్కలు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. ఆ చిక్కుడుకాయల చేట కూడా ఇటు లాగండి, ఈనెలు తీసుకుంటూ వినచ్చు. మదీనాగూడలో బయల్దేరి నానక్‌రామ్‌గూడ దాకా వెళ్లి, ఒక విమానం రెక్కలో తల పెట్టి చూసి, చీకటి పడకుండా ఇంటికొచ్చిన ప్రయాణం ఇది. మీలో ఎవరికైనా ఆ దారిన పని పడితే ఎక్కడ ఏం ఎక్కాలో, చేతిలో ఏం పట్టుకోకూడదో తెలుస్తుంది.

మా తమ్ముడు దేవదాసు నానక్‌రామ్‌గూడలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. తోటివాళ్లు శనివారం వస్తే సినిమాలకి పోతారు. వీడు మాత్రం ఆ మేడల వెనక పాత ఊళ్లో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, చెక్కతో విమానం చేస్తున్నాడు. బొమ్మ కాదు, ఇద్దరు కూర్చుని ఎగిరేది. ఎన్నో శనివారాలు పోయాక ఒక రెక్క తయారై, పైన పలక అతికించి మూసేసే రోజొచ్చింది.

వాడి భార్య రూతు దవాఖానలో నర్సు. విరిగిన ఎముకలు రోజూ చూస్తుంది కదా, ఒక షరతు పెట్టింది. "రెక్క మూసేముందు మీరెళ్లి లోపల చూడండి వదినా. మీకు నమ్మకం కుదిరిందంటే ఇంక నేనేం అడగను. మీరు వద్దంటే మాత్రం ఆయన ఎగరరు. మాటిచ్చారు" అంది. ఇంట్లో బియ్యంలో రాళ్లు ఏరేది నేనే కాబట్టి నా కళ్ల మీద అందరికీ గురి. తనకి ఆ రోజు డ్యూటీ. తోడుగా వాళ్లమ్మ సంతోషమ్మ గారిని నాతో పంపింది.

ఎనిమిదిన్నరకి ఇల్లు కదిలాం. మియాపూర్ మెట్రో దాకా షేర్ ఆటో. స్టేషన్‌లో కదిలే మెట్ల దగ్గర సంతోషమ్మ గారు ఆగిపోయారు. నేల నా కాలి కింద నిలబడాలి గానీ నడవకూడదు అన్నారు. లిఫ్ట్ ఎక్కుదామంటే పెట్టెలో నిలబడను అన్నారు. మామూలు మెట్లే ఎక్కి, ప్రతి మలుపులో ఆయాసం తీర్చుకుని, రైలెక్కేసరికి తొమ్మిది దాటింది. ఈ మనిషి అల్లుడేమో విమానం చేస్తున్నాడు.

బాలానగర్‌లో దిగాం. దేవదాసు అక్కడ దుకాణంలో వార్నిష్ చెప్పిపెట్టాడు. రెండు డబ్బాలు, ఒకదాన్లోది ఇంకోదాన్లో కలిపితేనే గట్టిపడే రకం. అవి సంచిలో పెట్టుకుని మళ్లీ స్టేషన్‌కి వస్తే, సామాను చూసే అతను ఆపాడు.

"ఏందమ్మా ఇది?"

"మా తమ్ముడి విమానానికి వార్నిష్ బాబూ."

అతను నన్ను చూశాడు, సంతోషమ్మ గారిని చూశాడు. "విమానం ఎయిర్‌పోర్టుల ఉంటది గదమ్మా, ఇటెందుకొచ్చిర్రు?" అన్నాడు.

మంట అంటుకునే సామాను మెట్రోలో ఎక్కనివ్వరట. మీరు వెళ్లినా డబ్బాలుంటే స్టేషన్ మెట్లు ఎక్కకండి, ఆయాసం దండగ. సంతోషమ్మ గారి హ్యాండ్‌బ్యాగ్ కూడా తెరిపించాడు. అందులో బైబిలు, కళ్లజోడు, చిన్న సీసాలో ప్రార్థన నూనె ఉన్నాయి. వాటికి నమస్కారం పెట్టి తిరిగిచ్చాడు.

ఆటో మాట్లాడుకున్నాం. మూసాపేట, కూకట్‌పల్లి దాటి హైటెక్ సిటీ వైపు తిరిగేసరికి ఎండ అద్దాల మేడల మీద పడి మా మీదికి ఎగిరొస్తోంది. ఆటో అబ్బాయికి సంచిలో ఏముందో తెలిసిన దగ్గర్నుంచి అద్దంలో మమ్మల్నే చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక, మీ తమ్ముని విమానం ట్రాఫిక్ మీంచి పోతదా అని అడిగాడు. పోతుందన్నాను. అయితే నాకూ ఒకటి చెయ్యమని చెప్పు అక్కా అన్నాడు.

నానక్‌రామ్‌గూడలో ఆ పాత ఊరు ఇప్పటికీ ఉంది. ఇరుకు గల్లీ, కోళ్లు, ఆరేసిన చీరలు, వాటి నెత్తిన నలభై అంతస్తుల నీడ. షెడ్డు గలాయన యాదయ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూడగానే ఫిర్యాదు మొదలుపెట్టాడు. "కొత్త సామాను అమ్మా, ఒక్క కొబ్బరికాయ కొడ్త అన్న. నీళ్లు చిందుతయని మీ తమ్ముడు కొట్టనియ్యలే. గిట్ల యాడన్న ఉంటదా?"

దేవదాసు మా క్యారియర్ కూడా బయటే పెట్టించాడు. సబ్బుతో చేతులు కడిగించి గానీ లోపలికి రానివ్వలేదు. పురిటి గదిలోకి కూడా నేను అంత శుభ్రంగా వెళ్లలేదు.

రెక్క బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది. పొడుగ్గా దూలం, దానికి అడ్డంగా పక్కటెముకల్లా సన్నటి చెక్కలు. లోపలంతా వార్నిష్ పూసి తేనె రంగులో మెరుస్తోంది. చెక్కకి శత్రువు చెమ్మేనట. మూసేశాక లోపలికి కుంచె పోదు, కన్నూ పోదు, కాబట్టి అక్కడి పూత ముందే అయిపోవాలి. అడ్డంగా కోసిన చివరలు నీళ్లు ఎక్కువ తాగుతాయని వాటికి ఇంకో పూత. ఎంత పూసినా కాస్త తేమ చేరుతుంది కాబట్టి అది కారిపోవడానికి అడుగున చిన్న చిల్లులు. ఆ చిల్లుల అంచులకి పూయడానికే మేం తెచ్చిన డబ్బాలు. నేను వేలు తగలకుండా మూలమూలా వంగి చూశాను. నాకు రాయి ఒక్కటీ కనపడలేదు.

వార్నిష్ కలపడానికి వాడు వాకిట్లోకి వెళ్లాడు. అప్పుడు సంతోషమ్మ గారు బ్యాగులోంచి సీసా తీశారు. మా ఇళ్లలో కొత్త తలుపు బిగించినా, కొత్త స్కూటర్ కొన్నా, ప్రార్థన చేసి ఆలివ్ నూనె చుక్క రాయడం ఉంది. అల్లుడు ఎక్కే రెక్కకి రాయకుండా ఎలా ఉంటారు? ముందు దూలం మీద రాయబోయి ఆగారు. "ఇక్కడ పూత ఉంది అమ్మాయ్, నూనె పైనే నిలిచిపోతుంది. ప్రార్థన చెక్కకి తగలాలి" అన్నారు. పక్కటెముకల పై అంచుల్లో మాత్రం పూత లేదు. పూత అంటకుండా అక్కడ అతికించిన టేపుని దేవదాసు అంతకుముందే పీకేశాడు. ఆవిడ కళ్లు మూసుకుని, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అంటూ మూడు చోట్ల చక్కగా వేలితో అద్దారు. నేను ఆమెన్ అన్నాను.

దేవదాసు లోపలికొచ్చి, ఏదైనా అనుమానం ఉంటే అడుగు అక్కా అన్నాడు. ఇంత పూశావు, ఈ అంచులెందుకు వదిలేశావు అని అడిగాను.

"పై పలక అతికేది అక్కడేనక్కా. జిగురు చెక్కలోకి ఇంకాలి. వార్నిష్ ఉంటే దాన్ని పట్టుకుంటుంది గానీ చెక్కని పట్టుకోదు. అందుకే ఆ అంచుల మీద చెయ్యి కూడా వెయ్యనివ్వను. చేతి జిడ్డు చాలు, గాల్లో పలక లేచిపోవడానికి."

సంతోషమ్మ గారు బ్యాగు జిప్పు నెమ్మదిగా, చప్పుడు కాకుండా మూశారు. నేను ఆవిణ్ణి చూశాను. ఆవిడ రేకుల కప్పు చూశారు.

"చేతి జిడ్డు కాకుండా, మంచి నూనె అయితే ఏమవుతుందండీ అల్లుడుగారూ?" అన్నారు.

వాడికి అర్థమైపోయింది. "ఎన్ని చోట్ల అత్తయ్యా?"

"త్రిత్వమండి. మూడు."

వాడు కోప్పడలేదు. ఒక్కసారి కుర్చీలో కూర్చుని లేచాడు. ఏ మూడు చోట్లో చూపించమన్నాడు. ఆవిడ కళ్లు మూసుకునే రాశారు కాబట్టి నేనే చూపించాను. దూలం మొదట్నుంచి మూడో పక్కటెముక, నాలుగోది, గోడ వైపు చివరిది. వాడు పుల్లతో ఒక నీటి చుక్క తీసి శుభ్రమైన అంచు మీద పెట్టాడు. చుక్క పరుచుకుని ఇంకిపోయింది. నూనె తగిలిన చోట పెడితే జిడ్డు పెనం మీద నీళ్లలా ముత్యమై నిలబడింది. స్పిరిట్‌తో తుడిచాడు, గరుకు కాగితంతో రుద్దాడు. మళ్లీ ముత్యమే.

గుమ్మంలోంచి చూస్తున్న యాదయ్యకి సంబరం ఆగలేదు. "నా కొబ్బరికాయ వద్దంటివి, గిప్పుడు చూడు" అన్నాడు. తర్వాత జాలిపడ్డాడు. "ఆవగింజంత చుక్క సారూ. మూసెయ్. లోపట ఎవరు చూడొచ్చిర్రు?"

నాకూ అదే తోచింది. రెక్కంతా అంత జిగురు పట్టుకుని ఉండగా మూడు చుక్కలు ఏం చేస్తాయి, మీ ఆవిడకి నేను చెప్పనులే అన్నాను. సంతోషమ్మ గారు కూడా బతిమాలారు. దేవదాసు సన్నరంపం తీశాడు. మూడు చోట్లా అంచు చెక్క కోసి తీసేశాడు. అక్కడ కొత్త చెక్క అతికించాలి, ఆరాలి, పక్కన మళ్లీ పూత పూయాలి. అంటే ఆ శనివారం రెక్క మూయడం లేదన్నమాట.

ఆవిడ కళ్లొత్తుకుంటుంటే, "కోసింది నూనె అత్తయ్యా, ప్రార్థన కాదు" అన్నాడు. ఆవిడ ఆ మూడు ముక్కలూ ఏరి రుమాలులో కట్టుకున్నారు. రెండింటికి వాకిట్లో అందరం పెరుగన్నం తిన్నాం. ఆవకాయ మాత్రం యాదయ్య ఒక్కడే వేసుకున్నాడు. మాకు నూనె చూడబుద్ధి కాలేదు.

నాలుగింటికి షేర్ ఆటోలో రాయదుర్గం మెట్రోకి బయల్దేరాం. చేతిలో డబ్బాలు లేవు కాబట్టి ఎవరూ ఆపరు. దారిలో రూతు ఫోన్ చేసింది. రెక్క ఎలా ఉంది వదినా, నమ్మకం కుదిరిందా అంది. నేను జరిగిందంతా చెప్పాను, ఎవరు రాశారో కూడా.

"మూసేస్తే దేవుడికి తప్ప ఎవరికీ కనపడని చోటు అది. నేనే మూసెయ్యమన్నాను. వాడు మూయలేదు. నాకు నమ్మకం కుదిరిందమ్మా" అన్నాను.

సంతోషమ్మ గారు ఫోన్ లాక్కున్నారు. "రూతూ, ఆ రెండో సీటు నాది. నువ్వు తర్వాత ఎక్కు" అన్నారు. కదిలే మెట్లెక్కడానికే భయపడతావు కదమ్మా అని రూతు నవ్వుతూనే ఏడ్చింది.

రాయదుర్గం స్టేషన్‌లో ఆ మెట్ల దగ్గర ఆవిడ మళ్లీ ఆగారు. వెనకాల మెడలో కార్డులేసుకున్న పిల్లలంతా ఓపిగ్గా నిలబడ్డారు. ఆవిడ రుమాలు మూట గుప్పిట్లో బిగించి, ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకుని, కుడికాలు ముందు పెట్టారు. పైకి చేరేదాకా కళ్లు తెరవలేదు. "అమ్మాయ్, ఇప్పుడు విమానం ఎంత ఎత్తులో ఉందనుకోవాలి?" అని మాత్రం అడిగారు.

ఇదీ మా ప్రయాణం. చిక్కుడుకాయలూ అయిపోయాయి. మీ ఇంటి దూలాలకి చెమ్మ తగలకుండా, మూసిన తలుపుల వెనక కూడా మీవాళ్లు ఇంత శుభ్రంగా ఉండేలా, బయటికి వెళ్లిన ప్రతివాళ్లూ నవ్వుతూ మీ గడప తొక్కేలా దేవుడు మీ ఇంటిల్లిపాదినీ చల్లగా చూడాలి.